హ్యాండిల్ మీద కుట్టిన గుండీ

మా వీధిలో ఆమెని అందరూ గుండీలక్క అంటారు. చొక్కాకి గుండీ ఊడిన పిల్లాడు కనబడితే చెయ్యి పట్టి ఆపుతుంది. సంచిలోంచి సూదీ దారం తీసి, వాడు గింజుకుంటున్నా వదలకుండా, ఒంటి మీద చొక్కా ఒంటి మీదే ఉండగా కుట్టేసి, దారం పంటితో తెంపి పంపేస్తుంది. గుండీ రంగు కలవలేదని వాడు మొహం ముడిస్తే, "రంగు చూసుకోడానికి నువ్వేమన్నా పెళ్ళికొడుకువా? పో" అంటుంది.

ఆమె ఉద్యోగం ఆసుపత్రి కుట్టుగదిలో. దుప్పట్లకి అంచులు వేయడం, చిరిగిన దిండు గలీబులు బాగుచేయడం, ఆపరేషన్ గౌన్లు కుట్టడం. ఆ గదిలోకి కరెంటు మిషన్లు వచ్చాయి కానీ ఆమె మటుకు కిటికీ పక్కనున్న తన పాత తొక్కుడు మిషన్ వదల్లేదు. దాని చప్పుడు చెవికి, దాని బరువు కాలికి తెలుసంటుంది. నేను సైకిళ్ళు బాగుచేసే కొట్టు నడుపుతాను. చేతికి అలవాటైన పనిముట్టు విలువ నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆసుపత్రి నదికి అవతలి ఒడ్డున ఉంది. మధ్యలో పొడుగాటి వంతెన. ఆమె భర్త తాళాలు బాగుచేస్తాడు, ఇంటి అరుగు మీదే బల్ల వేసుకుని. నేను ఆమెని అక్కా అంటాను కాబట్టి ఆయన నాకు బావ. పెళ్ళైన దగ్గర్నుంచీ పొద్దున్నే ఆమెని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రిలో దింపి వచ్చి, ఆ తర్వాతే తాళాల పెట్టె తెరిచేవాడు. సాయంత్రం మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చేవాడు.

చాలా ఏళ్ళ కిందట ఒకసారి వంతెన మీద ఒక లారీ వీళ్ళని రాసుకుంటూ పోయింది. బావ కాలు కింద పెట్టి నిలదొక్కుకున్నాడు. అక్క వెనక నుంచి రెయిలింగు వైపు పడింది. దెబ్బ పెద్దదేం కాదు, మోకాలు చెక్కుకుపోయింది అంతే. కానీ పడ్డప్పుడు తల రెండు ఇనప కమ్మీల మధ్య ఆగింది. కింద నల్లటి నీళ్ళు సుడి తిరుగుతూ కనబడ్డాయి. ఆ రోజు నుంచి వంతెన మొదలవగానే ఆమె కళ్ళు మూసుకునేది. బావ చొక్కా నడుం దగ్గర పిడికిట్లో పట్టుకునేది. వంతెన పలకల మధ్య ఇనప పట్టీల మీద సైకిల్ ఎక్కి దిగినప్పుడల్లా ఒక కుదుపు. ఆఖరి కుదుపు అయిపోయాకే కళ్ళు తెరిచేది. అన్నేళ్ళు రోజూ దాటింది కానీ ఆ వంతెన ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. బావ చొక్కాలన్నిటికీ నడుం దగ్గర ఒక ముడత మాత్రం ఉండిపోయింది. మా ఎదురు కొట్టు ఇస్త్రీ ఆయన ఆ చొక్కాలు తిరిగిచ్చేటప్పుడు, "ఆ ముడత నా వల్ల కాదు, మీ ఆవిడనే అడగండి" అనేవాడు.

బావ కుడి కంట్లో తెర పడింది. మొదట ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు వీధి మలుపులో ఆగి ఉన్న తోపుడు బండికి నేరుగా వెళ్ళి గుద్దాడు, వెనక అక్క ఉండగా. బండి అంత పెద్దది ఎలా కనబడలేదని అందరూ తిడుతుంటే అప్పుడు చెప్పాడు. కంటి డాక్టర్ చూసి, ఈ కన్ను ఇక ఇంతేననీ, సైకిల్ జోలికి పోవద్దనీ అన్నాడు. తాళాల పనికి వేళ్ళు చాలు, దానికి ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా వంతెనతోనే.

ఆసుపత్రి సిబ్బంది గేటు పొద్దున్నే సైరన్ మోగగానే మూస్తారు. మా వైపు నుంచి మొదటి బస్సు వెళ్ళేసరికి సైరన్ మోగి చాలాసేపవుతుంది. ఆ వేళకి ఆటోలు రావు. అక్క రోజూ ఆ బస్సులోనే కళ్ళు మూసుకుని, ఆలస్యంగా వెళ్ళి వాచ్‌మన్‌ని బతిమాలుకుని లోపలికి పోతోంది. కుట్టుగది సూపర్‌వైజరమ్మ మంచి మనిషే. ఆమే చివరికి చెప్పింది: "నెలాఖరు దాకా నేను సర్దుతాను. ఆ తర్వాత నీ మిషన్ మీద ఇంకొకరిని కూర్చోబెట్టమంటారు. నన్ను తిట్టుకోకు."

ఈ సంగతి తెలిసి నేను వాళ్ళింటికి వెళ్ళాను. "నా వెనక కూర్చో అక్కా, దింపొచ్చేసి కొట్టు తీసుకుంటా."

"నీ వెనకా?" అంది. "మీ బావ వెనక ఊపిరి పీల్చుకుని కూర్చోడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆ వంతెన మీద ఇంకో మనిషిని నమ్మే ఓపిక నాకు లేదు తమ్ముడూ."

"మరెలా?"

"నాకే నేర్పు."

పన్ను పీకమని అడిగే మనిషి మొహంలా ఉంది ఆ మొహం.

నేను వెళ్ళి అడగకముందే బావ ఒక ప్రయత్నం చేశాడని తర్వాత తెలిసింది. తన పెద్ద సైకిల్ మీద ఆమెని ఎక్కించి, వెనక పట్టుకుని, "పట్టుకున్నా, పట్టుకునే ఉన్నా" అంటూ పరుగెత్తి, మధ్యలో వదిలేశాడు. అందరూ చేసేదే. ఆమె నాలుగు గజాలు పోయి, గొంతు దూరం నుంచి వినపడేసరికి వెనక్కి తిరిగి చూసి, కాలవ గట్టు మీద పడింది. ఆ సాయంత్రమంతా ఆయనతో మాట్లాడలేదు. పడ్డందుకు కాదు.

"వదిలేస్తానని చెప్పి వదలొచ్చుగా?" అని నాతో అంది. "ఇన్నేళ్ళూ పట్టుకున్నానన్నప్పుడు కూడా పట్టుకున్నాడో లేదో, ఎవరికి తెలుసు?"

నేను వెనక పట్టుకోనని ముందే చెప్పాను. పట్టుకుంటేనే కదా వదలడం. కొట్టులో పడి ఉన్న అడ్డకమ్మీ లేని పాత ఫ్రేము ఒకటి తీసి, మంచి చక్రాలు ఎక్కించి, సీటు బాగా కిందికి దించాను. తర్వాత పెడళ్ళు రెండూ విప్పేశాను. ఎడమ పెడల్ మర అన్నిటిలా తిరగదు, ఎదురు దిశలో తిరుగుతుంది. తెలియనివాడు బలం పెట్టి తిప్పి మర చెడగొడతాడు. ఆమె పక్కనే నిలబడి అది చూసి, "దానిక్కూడా భయమేనా, వెనక్కి తిరుగుతోంది?" అంది. ఆ నెలలో ఆమె నవ్వింది నాకు గుర్తున్నంత వరకు అదే.

మా వీధి చివర మూతపడ్డ కలప డిపో ఉంది, దాని తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. లోపల చదునైన నేల, ఒక పక్క సిమెంటు మెట్టు. తెల్లవారగానే, ఆమె బస్సు వేళ దాకా, అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి. పెడళ్ళు లేని సైకిల్ మీద కూర్చుని, రెండు కాళ్ళతో నేలని తంతూ పోవాలి. కాళ్ళు ఎప్పుడూ నేలకి అందుతుంటాయి కాబట్టి పడే భయం ఉండదు. నిలకడ దానంతట అదే వస్తుంది. నాకు ఎవరూ చెప్పలేదు, ఎంతోమందికి నేర్పగా నేర్పగా తెలిసింది.

బావగారి అమ్మ కూడా వచ్చి గేటు దగ్గర రాయి మీద కూర్చునేది. ఆవిడ నోటికి వీధంతా జడుస్తుంది.

"సైకిల్ మీద కూర్చుని నడిచేదానివి, దిగి నడిస్తే పోలా? దాన్ని కూడా మొయ్యడం దేనికి?" అనేది.

"మీరు ఇంటికెళ్ళండత్తయ్యా, నాకసలే కాళ్ళు వణుకుతున్నాయి."

"నేను ఇంట్లో ఉన్నా వణికేవేగా అవి. వణకనీ."

అక్క భయం మాటల్లో కనబడదు, ఒంట్లో కనబడుతుంది. సైకిల్ గోడకి ఆనించి ఉండగా చూసినా అరచేతులు తడిసేవి. రాత్రి తిన్నది అరగట్లేదని బావ చెప్పాడు. నిద్రలో పిడికిలి బిగించి దుప్పటి పట్టుకుంటోందట. అయినా పొద్దున్నే వచ్చేది. నెలాఖరు దగ్గరపడేకొద్దీ ఇంకా ముందే వచ్చేది, నేను తాళం తీసేసరికి డిపో గేటు దగ్గర నిలబడి ఉండేది.

కాళ్ళతో తన్నుకుంటూ పోవడం వచ్చింది. కాళ్ళు పైకెత్తి జారిపోవడం కూడా వచ్చింది. సరే అని పెడళ్ళు బిగించాను. ముందు చక్రం బ్రేకు కొంచెం వదులు చేసి, రెండూ కలిపి పట్టమన్నాను. సిమెంటు మెట్టు మీద కాలు ఆనించి తోసుకుని బయల్దేరడం నేర్పాను. బయల్దేరింది. పోతోంది. గోడ దగ్గరకొచ్చేసరికి ఆపాలి. దబ్బున పడింది.

ప్రతిసారీ అదే. ఆపాల్సి వచ్చినా, ఏ కాకో ఎదురుగా లేచినా పడిపోయేది. ఎప్పుడూ కుడివైపే. దెబ్బ కూడా ఎప్పుడూ కుడి అరచెయ్యి మడమకే, మణికట్టు దగ్గర ఉబ్బెత్తుగా ఉండేచోట. మిగతా వాళ్ళు పడితే మోచేతులు, మోకాళ్ళు కొట్టుకుపోతాయి. ఈమెకి మటుకు చెయ్యి ముందే గాల్లోకి వెళ్ళినట్టు తగిలేది. నాకు అర్థం కాలేదు. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు వంకరేమోనని దారం కట్టి చూశాను, సరిగానే ఉంది. చక్రం తిప్పి చూశాను, ఊగడం లేదు. సైకిల్ మార్చి ఇంకొకటి ఇచ్చాను. దాని మీద నుంచి కూడా కుడివైపే పడింది.

ఇస్త్రీ ఆయన ఆమె చేతికి కట్టు చూసి, "అమ్మా, ఆ చెయ్యి పోతే సైకిల్ నేర్చుకుని ఆసుపత్రికి ఎందుకు, పేషెంటుగా చేరడానికా?" అన్నాడు. నిజానికి ఆమె భయం కూడా అదే. చెయ్యి విరిగితే కుట్టు పోతుంది. సైకిల్ రాకపోయినా కుట్టు పోతుంది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం చిరిగిన సీటు కవరు ఒకటి కుట్టించుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద బావ ఒక తాళం విప్పుకుని కూర్చున్నాడు. లోపల అక్క ఇంటి మిషన్ మీద ఏదో కుడుతోంది. కాళ్ళు హాయిగా ఊగుతున్నాయి, మొహం ప్రశాంతంగా ఉంది. అలా కుదురుగా ఉన్న ఆమెని చూసి చాలా రోజులైంది.

వంటింట్లోంచి అత్తగారు కేకేసింది: "పాలు! పొంగిపోయాయి!"

అక్క ఉలిక్కిపడింది. కుడిచెయ్యి గుడ్డ వదిలి, ఆమె చూడకుండానే, పక్కకి వెళ్ళి మిషన్ కుడిపక్కనుండే చిన్న చక్రం మీద టప్పున పడింది. అరచెయ్యి మడమతో. మిషన్ ఆగిపోయింది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆమె వెళ్ళి పాలు దించి వచ్చింది.

"అక్కా, ఇంకోసారి తొక్కు. నేను ఆపమనగానే ఆపు."

"నీకేమైంది?"

"తొక్కు చెప్తా. ఆపు!"

టప్. అదే చెయ్యి, అదే చోటు.

"సైకిల్ మీద కూడా నువ్వు చేస్తున్నది ఇదే" అన్నాను. "కాళ్ళు తొక్కుతున్నాయి, భయమేసింది, ఆపాలి. నీ చెయ్యి కుడిపక్కన చక్రం కోసం పోతోంది. అక్కడ చక్రం లేదు. నువ్వు పోయి నేల మీద పడుతున్నావు."

ఆమె తన చేతిని తిప్పి చూసుకుంది, కట్టుతో సహా, ఎవరిదో చెయ్యి అన్నట్టు.

"దీన్ని మానేయాలా?"

"మానాలి మరి."

"మాననివ్వను" అంది వెంటనే. "ఒక్కసారి కూడా సూది నా వేలిలో దిగలేదంటే ఈ చెయ్యి వల్లే. నేను ఆలోచించేలోపే అది ఆపుతుంది. సైకిల్ కోసం దీన్ని పాడుచేస్తే మిషన్ దగ్గర వేళ్ళు పోతాయి."

ఆమె చెప్పింది నిజం. సైకిల్ని స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రం గాల్లో తిప్పిస్తూ, బ్రేకు పట్టడం అలవాటు చేయించాను. స్టాండు మీద బాగానే పట్టేది. కింద నేల కదలగానే మళ్ళీ చెయ్యి ఎగిరిపోయేది. నెలాఖరు ఇంకెంతో దూరం లేదు. ఆమె నన్ను తిట్టలేదు. "నీ పని ఆగిపోతోంది, రేపు కొట్టు తీసుకో" అంది. అది తిట్టు కంటే గట్టిగా తగిలింది.

ఆ సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని బావకి చెప్పుకున్నాను. ఆయన తాళంలో పుల్ల పెట్టి తడుముతూ విన్నాడు.

"స్ప్రింగుని ఎగరొద్దంటే మానదు" అన్నాడు. "దాని పని ఎగరడమే. అది ఆనుకోడానికి అక్కడే ఏదో ఒకటి పెట్టాలి."

"హ్యాండిల్ మీద మిషన్ చక్రం బిగించమంటావా బావా?"

"నాకేం తెలుసు. నేను తాళాల సంగతి చెప్తున్నా."

అక్క లోపల్నుంచి వింటోందని మాకు తెలియదు. మర్నాడు డిపోకి వచ్చేసరికి చేతిలో ఒక చిన్న తొడుగు ఉంది. ఆసుపత్రి స్ట్రెచర్లకి వాడే మందపాటి గుడ్డతో, హ్యాండిల్ కుడి పిడికి సరిగ్గా సరిపోయేలా కుట్టింది. దాని పైన, అరచెయ్యి మడమ ఆనేచోట, పెద్ద కోటు గుండీ ఒకటి. దాని కింద దారం కాడలా చుట్టి, కదలకుండా, గట్టిగా.

"ఇదేంటక్కా?"

"చేతికి నొక్కడానికి ఏదో కావాలి. దీన్ని నొక్కుతుంది. వేళ్ళు బ్రేకు పట్టుకుంటాయి. మిషన్ చక్రం నున్నగా ఉంటుంది, ఇది గుచ్చుకుంటుంది. ఏది ఏదో చేతికే తెలుస్తుంది."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. తొడుగు తొడిగి చూశాను. కుట్టులో ఒక్క పోగు వదులుగా లేదు. గుండీ సరిగ్గా ఎముక కింద ఆనింది. నవ్వు పోయింది.

మొదటిసారి కూడా పడింది. రెండోసారి చెయ్యి పిడి మీద నుంచి లేవబోయి, గుండీ తగిలి, అక్కడే ఆగింది. వేళ్ళు బ్రేకు పట్టాయి, సైకిల్ ఊగింది, ఆగింది, ఆమె కాళ్ళు నేల మీద ఉన్నాయి. గేటు దగ్గర రాయి మీద నుంచి అత్తగారు, "ఊరందరికీ కుట్టావు, ఇన్నాళ్ళకి నీకు కుట్టుకున్నావు" అంది.

ఆ తర్వాత నేను కాకిలా ఎదురొచ్చాను, బావ వెనక నుంచి కేకలేశాడు, ఇస్త్రీ ఆయన ఒక తోపుడు బండి అడ్డం పెట్టాడు. చెయ్యి ప్రతిసారీ ఉలిక్కిపడి గుండీని నొక్కింది. భయం ఒక్క రవ్వ తగ్గలేదు. కానీ పడడం తగ్గింది.

వంతెన మిగిలింది. నేను వెనక ఇంకో సైకిల్ మీద వస్తానన్నాను.

"వద్దు. వెనక ఎవరున్నారో చూడాలనిపిస్తుంది. చూస్తే పడతా." బావ వైపు తిరిగి, "చేరగానే ఫోన్ చేస్తా. మీరు మటుకు వీధి చివర దాకా కూడా రావద్దు" అంది.

ఆమె బయల్దేరిన పొద్దున ఆయన అరుగు దిగలేదు. అత్తగారు గుమ్మంలోంచి, "పడితే లేచి రా. అక్కడే కూర్చుని ఏడుస్తుండకు" అంది. అన్నాక ఆవిడ లోపలికి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు.

సైరన్ వేళ దాటింది. మా వైపుకి సైరన్ వినపడదు, గోడ గడియారం చూసుకోవడమే. ఫోన్ రాలేదు. నేను వాళ్ళ అరుగు కిందే ఒక చక్రానికి ట్యూబు వేస్తూ దాన్ని టైరు లేపే ఇనప బద్దతో పొడిచేశాను. అలా చేసి ఎన్నేళ్ళయిందో. బావ ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. "సంచిలో ఉండి ఉంటుంది" అన్నాడు. కాసేపటికి, "వంతెన మీదున్నప్పుడు మోగితే ఉలిక్కిపడుతుందేమో" అని చెయ్యడం మానేశాడు. మొదటి బస్సు వచ్చి వెళ్ళింది. నేను ఇనప బద్ద కింద పెట్టి నా సైకిల్ తీశాను. అప్పుడు మోగింది.

ఆమె చెప్పిన మొదటి మాట: "ఇప్పుడే బయటికొచ్చా, కుట్టుగదిలో ఫోన్ తీయనివ్వరు, మర్చిపోయా." బావ ఫోన్ నాకిచ్చాడు.

మిగతాది సాయంత్రం చెప్పింది. వంతెన మొదట్లో అలవాటుగా కళ్ళు మూసుకుపోయాయట. ఒక్క క్షణమే. తెరిచేసరికి సైకిల్ రోడ్డు మధ్యకి పోతోంది. ఎప్పుడూ చూడని రోడ్డు. ఇంత వెడల్పనీ, రెయిలింగు ఇంత పొట్టిదనీ తెలియదు. మొదటి ఇనప పట్టీ కుదుపు తగిలాక, ఇది తనకి తెలిసిన వంతెనే అని నమ్మింది. మధ్యకి చేరేసరికి వెనక లారీ హారన్. ఒళ్ళంతా ఆ శబ్దమే. చెయ్యి లేవబోయింది. గుండీ గుచ్చుకుంది. నొక్కేసింది, ఎముక నొప్పెట్టేలా. సైకిల్ ఆగింది. కాళ్ళు కింద పెట్టింది. లారీ గాలి ఆమె బట్టల్ని లాగి వదిలింది.

పడలేదు. కానీ ఆగింది వంతెన మధ్యలో, రెయిలింగు పక్కన. కమ్మీల మధ్య అవే నీళ్ళు.

"మళ్ళీ బయల్దేరాలంటే నాకు సిమెంటు మెట్టు కావాలి. అక్కడ మెట్టు ఏది? దిగి తోసుకుంటూ పోతే గేటు మూసేస్తారు. వెనక్కి పోదామనుకున్నా. వెనక్కి పోయినా సగం వంతెన దాటాలి."

"ఏం చేశావ్?"

"నువ్వు పెడళ్ళు లేకుండా నేర్పావుగా. రెండు కాళ్ళతో తన్నుకుంటూ పోయా, పిల్లలా. ఒకాయన కారు ఆపి మరీ చూశాడు. చూస్తే చూశాడులే. వేగం వచ్చాక కాళ్ళు పైకెత్తా. పెడళ్ళు దొరికాయి."

గేటు ఒక రెక్క మూసేశాక, వాచ్‌మన్ రెండోది లాగుతుండగా లోపలికి పోయిందట. ఆపడం గేటు తర్వాతే కుదిరిందట. మిషన్ దగ్గర కూర్చున్నాక సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టిందంది.

బావ అడిగాడు: "సాయంత్రం తిరిగి రావడం సులువుగా ఉందా?"

"లేదు. వచ్చేటప్పుడు వంతెన రెండో వైపు నీళ్ళు చూడాల్సొచ్చింది."

ఆమె మిషన్ ఆమెకే ఉంది. రోజూ దాటుతోంది. ఆ తొడుగు అరిగితే ఇంకొకటి కుట్టింది, గుండీ మటుకు పాతదే తీసి దానికి కుట్టుకుంది. బావ చొక్కాల మీద ఆ ముడత ఇప్పుడు లేదు. ఇస్త్రీ ఆయన దాన్ని వెతుకుతాడు.

అప్పుడప్పుడు సాయంత్రం నా కొట్టు దగ్గర ఆగి, "బ్రేకు చూడు" అంటుంది. ఎప్పుడూ సరిగానే ఉంటుంది. అయినా చూస్తాను. తీగె లాగి, రబ్బరు నొక్కి, చక్రం తిప్పి చూపిస్తాను. మొన్న అడిగాను, భయం పోయిందా అక్కా అని.

"అది పోతే బ్రేకు ఎవరు పడతారు?" అంది. అరచేతిలో గుండీ అచ్చు ఎర్రగా ఉంది. ఆ చేత్తోనే నా చొక్కా పట్టుకుని, "ఈ రెండో గుండీ వేలాడుతోంది, కదలకు" అని సూది తీసింది.